జీపుగారి ఉమ్మడి కాపురం

జీపు అనగానే మీకు ఏ సినిమా గుర్తొస్తుంది? నాకు మాత్రం 1969లో వచ్చిన 'ఆరాధన' గుర్తొస్తుంది. కొండదారిలో చిన్న రైలు... దాని పక్కనే టాపు లేని జీపు... రైలు కిటికీలో షర్మిలా టాగోరు, జీపులో రాజేష్ ఖన్నా... ఇక పాట సంగతి చెప్పాలా!

ఆ సినిమా వచ్చేనాటికి నేను పుట్టలేదు లెండి. కానీ మా అమ్మ చిన్నప్పుడు, తాండూరుకి ఆ సినిమా ఆలస్యంగా వచ్చినప్పుడు, మా మామను వెంటబెట్టుకుని చూసిందట. "హాల్లో ఉన్నోళ్ళంతా రాజేష్ ఖన్నాను చూస్తుండ్రు, షర్మిలను చూస్తుండ్రు. వీడు మాత్రం జీపు చక్రాలు చూసిండు!" అని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. మామ నవ్వడు. "చక్రాలు లేకుంటే పాట యాడికెళ్ళి వస్తదక్కా?" అంటాడు సీరియస్‌గా.

ఈ కథంతా ఆ చక్రాల గురించే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ముందు చక్రాల మధ్య ఉండే ఇరుసు గురించి. "హవ్వ! సినిమా పత్రికలో ఇరుసు గోలేమిటయ్యా?" అని పేజీ తిప్పేయకండి. ఇందులో ఉమ్మడి కుటుంబం ఉంది, వేరు కాపురం ఉంది, ఒక ఫైటు ఉంది, కోర్టు సీను ఉంది, అమ్మ సెంటిమెంటు కూడా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

వారమంతా తాండూరు, ఆదివారం బండరాయి

మా ఇల్లు వికారాబాదులో. ఉద్యోగం తాండూరులో, ఒక నాపరాళ్ళ పాలిషు యూనిట్లో లెక్కలు రాయడం. మధ్యలో నలభై కిలోమీటర్లు, ధారూరు మీదుగా. మీ ఇంట్లో నేల మీద నీలంగానో పసుపుగానో పరిచిన బండ ఉంటే, అది మా తాండూరు నుంచి వచ్చిందేమో ఓసారి అడిగి చూడండి. మా ఊరికి ఇంకో గొప్ప కూడా ఉంది. తాండూరు కందిపప్పుకి 2022లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. ఇటు వికారాబాదు వైపు చూస్తే ఎర్రమట్టి, అనంతగిరి కొండలు, అక్కడే పుట్టిన మూసీ. అటు తాండూరు వైపు నల్లరేగడి, కాగ్నా నది, నేల కింద పొరలు పొరలుగా సున్నపురాయి. ఒకే జిల్లాలో రెండు నేలలు, రెండు రంగులు!

ఎర్రమట్టి వానకి జారుతుంది. రేగడి వానకి చక్రాన్ని పట్టుకుని వదలదు. బండల గనిలో మెట్లు మెట్లుగా తెగిన రాయి. ఫోర్ వీల్ బండి ఉన్నవాడికి ఇదంతా ఒక పెద్ద స్టంటు సీను సెట్టింగు!

నాకు అలాంటి బండి ఒకటుంది. పేరు అడక్కండి. హీరో వయసూ, బండి లోపమూ బయట పెట్టకూడదని పెద్దలు చెప్పారు. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, ముందు చక్రాలు రెండూ దేనికది విడివిడిగా ఎగురుతాయి, సీట్లో కూర్చుంటే కారులాగే ఉంటుంది. మా ఆదివారం జట్టులో ఐదు బండ్లు. అడవిలోకి పోము. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా బండి దింపడం తప్పు, పైగా మొక్కకీ జంతువుకీ హాని. రాయి తీయడం ఆపేసి వదిలేసిన ఒక గని ఉంది తాండూరు దగ్గర. దాని యజమానిని అడిగి అక్కడే ఆడుకుంటాం.

ఆ గనిలో ఒక మెట్టు ఉంది. నడుం ఎత్తు ఉండదు గానీ మోకాలి కన్నా ఎక్కువే. మా జట్టు దానికి 'విలన్' అని పేరు పెట్టింది. పోయిన వేసవిలో నేను ఆ విలన్ మీదికి పోయాను. కుడి చక్రం రాతి మీద, ఎడమ చక్రం గాలిలో! స్టీరింగు పూర్తిగా తిప్పి ఉంది. యాక్సిలరేటరు తొక్కాను. గాలిలో ఉన్న చక్రం గిర్రున తిరిగింది. బండి ముందుకి కదల్లేదు. ఇంకా తొక్కాను. ఇంతలో బండి ఒరిగి, గిర్రున తిరుగుతున్న ఆ చక్రం ధన్‌మని రాతిని తాకింది. 'టక్' మని ఒక చప్పుడు... అంతే! ముందు చక్రానికి శక్తి తీసుకుపోయే జాయింటు రెండు ముక్కలు.

తాడు కట్టి వెనక్కి లాగారు. జట్టులో ఒకడు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "గురూ! నీ బండిది వేరు కాపురం. ముందు దాన్ని ఉమ్మడి చెయ్యి" అన్నాడు.

అప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు.

ఇంతకీ ఉమ్మడి ఏమిటి, వేరు ఏమిటి?

ఎడ్లబండి చూశారుగా? రెండు చక్రాల మధ్య ఒకటే ఇరుసు. జీపు పుట్టినప్పుడు దాని ముందు భాగమూ అంతే, వెనక భాగమూ అంతే. ఇనప గొట్టంలాంటి హౌసింగు, దాని లోపల షాఫ్టులు, మధ్యలో గుండులాంటి డిఫరెన్షియలు, పైన కమాను కట్టలు. రెండు చక్రాలూ ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ములన్నమాట. కావడి మోసేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. ఒక కుండ పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసు మొత్తం వాలి, రెండో చక్రాన్ని నేలకేసి నొక్కుతుంది. నేలని తాకే చక్రానికే పట్టు దొరుకుతుంది. రాళ్ళ మీద ఉమ్మడి కాపురం గొప్ప అదే.

ఇంకో గొప్ప కూడా ఉంది. ఇరుసు మధ్య గుండుకీ నేలకీ ఉన్న ఎత్తు ఎప్పుడూ ఒకటే. బండి బరువుతో పైభాగం కిందికి దిగినా గుండు కిందికి దిగదు. ఎక్కడ రాయి తగులుతుందో డ్రైవరుకి ముందే తెలుసు. లోపలి షాఫ్టు ఇనప గొట్టంలో దాక్కుని ఉంటుంది కాబట్టి దెబ్బలు తక్కువ.

మరి వేరు కాపురం? ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ సంబంధం లేదు. ఎవరి స్ప్రింగు వారిది, ఎవరి గుంత వారిది. ఒకడు గుంతలో పడితే రెండోవాడికి ఒళ్ళు కదలదు. రోడ్డు మీద ఇది స్వర్గం! ఉమ్మడి ఇంట్లో ఒకడికి దగ్గొస్తే ఇల్లంతా లేస్తుంది. ఇక్కడ అలా కాదు. పైగా ఉమ్మడి ఇరుసు బరువంతా స్ప్రింగు కింద ఉంటుంది. ప్రతి గుంతలోనూ అంత ఇనుమూ ఎగిరి పడాలి. వేరు కాపురంలో ఎగిరే బరువు తక్కువ, స్టీరింగు సుఖం, వేగంలో నిలకడ.

కానీ పెద్ద రాయి ఎదురైతే? ఒక చక్రం గాలిలో, ఒక చక్రం రాతి మీద. ఒకరికొకరు సాయం రారు. చూశారూ! సినిమాల్లో మన పెద్దలు ఇన్నేళ్ళుగా చెప్పిన నీతి ఇదే కదా!

రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి తయారైన విల్లీస్ జీపుకి ముందూ వెనకా ఉమ్మడి ఇరుసులే. 1947లో బొంబాయిలో మహీంద్రావారు బిగించడం మొదలుపెట్టిన జీపుకీ అంతే. 1985లో వచ్చిన మారుతి జిప్సీకీ అంతే. తర్వాత లోకం మారింది. కొనేవాడు కొండకన్నా ఆఫీసుకే ఎక్కువ పోతున్నాడు. అమెరికాలో టయోటా పికప్పులు 1980ల మధ్యలోనే ముందు వైపు వేరు కాపురం పెట్టాయి. అక్కడి రాళ్ళ పిచ్చివాళ్ళు దాన్ని విప్పేసి మళ్ళీ ఉమ్మడి ఇరుసు వేయడం మొదలుపెట్టారు. 'సాలిడ్ యాక్సిల్ స్వాప్' అన్న మాట అలా ప్రచారంలోకి వచ్చింది. మన దగ్గర 2010లో వచ్చిన థార్‌కీ, 2020లో వచ్చిన కొత్త థార్‌కీ ముందు వేరు, వెనక ఉమ్మడి. అమెరికా ర్యాంగ్లరు మాత్రం పట్టు వదలకుండా ముందూ ఉమ్మడిగానే ఉంది. 1993లో 'జురాసిక్ పార్క్'లో రాక్షసబల్లి తరిమితే పరుగెత్తిన జీపు గుర్తుందా? అది ఆ వంశంలోదే!

"అదిగో, రాక్షసబల్లి నుంచే తప్పించుకుంది, విలన్ మెట్టెంత!" అనుకున్నాను నేను.

మూడు లక్షల స్క్రీన్ ప్లే

హైదరాబాదులో ఒక మిస్త్రీ దగ్గరికి పోయాను. చాయ్ తాగిస్తూ లెక్క చెప్పాడు. "భాయ్, ఇరుసు ఒక్కటి తెచ్చి పెడితే అయిపోదు. పాత బండి నుంచి ముందు హౌసింగు తేవాలె. దాని వెడల్పు నీ వెనక ఇరుసుకి సరిపోవాలె. గుండు ఏ పక్కకుంటే గేరు డబ్బా షాఫ్టు ఆ పక్కకి రావాలె. క్రౌన్ పినియన్ పళ్ళ లెక్క ముందూ వెనకా ఒకటే ఉండాలె."

"లేకపోతే?"

"లేకుంటే ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఒక వేగం. ఫోర్ వీల్ వేసినప్పుడు ఒకదాన్నొకటి గుంజుకుంటయి. ఏదో ఒకటి ఇరుగుతది."

తర్వాత జాబితా. స్టీరింగు లింకులు కొత్తవి. ఇరుసు ముందుకీ పక్కకీ జరగకుండా పట్టుకునే కడ్డీలు కొత్తవి. ఛాసిస్‌కి వెల్డింగు. స్ప్రింగులు, షాకులు, బ్రేకు గొట్టాలు. చక్రం వేగం చూసే బ్రేకు సెన్సారుకి మళ్ళీ ఏర్పాటు. బండి మూడు నాలుగు అంగుళాలు లేస్తుంది. మొత్తం మూడు లక్షల చిల్లర.

నా దగ్గర సరిగ్గా అంతే ఉంది. నాలుగేళ్ళు కట్టిన చిట్టీ అప్పుడే ఎత్తాను. అమ్మకి చెప్పాను. "నీ పైసలు, నీ ఇష్టం" అంది. అమ్మలు అలా అంటే దాని అర్థం వేరే ఉంటుందని మీకు తెలుసు, నాకూ తెలుసు. తెలియనట్టు నటించాను.

అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పని చేశాను. మా స్నేహితుడొకడు అచ్చంగా ఇలాగే మార్పించుకున్నాడు. అతని బండి అడిగి తీసుకుని గనికి పోయాను. అబ్బ! ఏం చెప్పమంటారు! విలన్ మెట్టు మీదికి ముందు చక్రం ఎక్కింది, ఇరుసు వాలింది, రెండో చక్రం నేలని పట్టుకుంది, బండి పిల్లిలా మెల్లగా ఎక్కేసింది. నా బండి అరిచి, పొగ కక్కి, విరిగిన చోట ఇది చప్పుడు కూడా చెయ్యలేదు. పైన దిగి ఈల వేశాను. ఫస్టు షోలో హీరో ఎంట్రీకి కూడా అంత గట్టిగా వేయలేదు.

ఫైటు సీను

నా బండి జాయింటు విరిగి షెడ్డులో ఉంది కదా. ఆ బుధవారం అమ్మ మోకాళ్ళకి తాండూరులో ఫిజియోథెరపీ ఉంది. స్నేహితుడు, "బండి ఉంచుకో, ఆదివారం ఇద్దువు గానీ" అన్నాడు. అమ్మని స్టూలు వేసి ఎక్కించాను. అంత ఎత్తు! అదే మొదటి హెచ్చరిక. నేను గమనించలేదు.

ధారూరు దాటాం. రోడ్డు ఖాళీ. డెబ్భై దాటి ఉంటుంది వేగం. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు చిన్న మెట్టులా లేచి ఉంది. ముందు చక్రాలు దాన్ని తాకాయి. అంతే! స్టీరింగు చేతుల్లో పాములా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ, క్షణానికి ఎన్నిసార్లో! బండి ముందు భాగం మొత్తం ఊగుతోంది. ఎదురుగా నాపరాళ్ళ లారీ వస్తోంది. అమ్మ డాష్‌బోర్డు పట్టుకుంది. నేను యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. బండి ఒక చక్రం మట్టిలోకి దిగింది. లారీ హారను చెవి పక్క నుంచి పోయింది. వేగం ముప్ఫైకి పడ్డాక ఊపు ఆగింది. ఎలా మొదలైందో అలాగే, ఏమీ ఎరగనట్టు!

పక్కన ఆపాను. కాళ్ళు వణుకుతున్నాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది:

"నాయనా, రాయి ఎక్కనీకె బండిని మార్చిన్రు. మంచిగనే ఉంది. రోడ్డు మీద నడవనీకె ఏం మార్చిన్రు?"

మూడు వందల పేజీల డైలాగు రాసినా అంత దెబ్బ పడదు.

మామగారి క్లైమాక్సు

సాయంత్రం ఇరవై మీద పోనిచ్చి మామ ఇంటికి చేరాను. మామ జన్మంతా బండల గనుల చుట్టూ జీపు తోలినవాడు. కాటా చిట్టీలు, కూలీల అన్నం క్యారియర్లు, పాడైన మోటార్లు, ఒకసారి కాన్పు నొప్పుల మనిషి... అన్నీ ఆ జీపులోనే. జీపు 1980ల నాటిది. ఇప్పటికీ వాకిట్లో ఉంది. ఎఫ్.సి. చేయించి, గ్రీన్ టాక్సు కట్టి ఉంచుకున్నాడు.

జరిగింది చెప్పాను. మామ చొక్కా విప్పి, గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. అరగంట తర్వాత బయటికి వచ్చాడు.

"ఇరుసు తప్పు లేదల్లుడా. ఇరుసును తిట్టకు."

"మరి?"

"ఇరుసు పక్కకి జరగకుండ పట్టే కడ్డీ ఉన్నది సూడు, దాని బోల్టు రంధ్రం అరిగింది. బండి ఎత్తు లేపిన్రు, కింగ్ పిన్ వాలు తప్పింది. చక్రం తనంతట తాను తిన్నగ రావాలంటే ఆ వాలు ఉండాలె. చిన్న దెబ్బ తగిలితె సాలు, ఒక చక్రం రెండోదాన్ని ఊపుతది, రెండోది మొదటిదాన్ని ఊపుతది. ఉమ్మడి ఇల్లు గదా! కొట్లాట మొదలైతె అందరు కొట్లాడుతరు."

"మీ జీపుకి ఎప్పుడూ రాలేదా?"

"ఎందుకు రాలే? కింగ్ పిన్నులు అరిగినప్పుడు నాకూ వచ్చింది. నేను యాభై మీద తోలలే. నువ్వు డెబ్భై మీద తోలుతవు. మా అక్కను కూసోబెట్టుకొని తోలుతవు."

తలవంచుకున్నాను. మామ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి అడిగాడు.

"ఒక్క లెక్క చెప్పు. లెక్కలు రాసేటోనివి గదా. వారంల ఎన్ని దినాలు రాయెక్కుతవు?"

"ఆదివారం... అది కూడా అన్ని ఆదివారాలూ కాదు."

"రోడ్డు?"

"ఆరు రోజులు. రోజుకి ఎనభై కిలోమీటర్లు."

"మరి మూడు లక్షలు యాడ పెడుతున్నవు?"

కోర్టు సీను ఉందన్నానుగా, ఇదిగో. మర్నాడు నాకు తెలిసిన ఒక వకీలుని అడిగాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. తయారుచేసినవాళ్ళు నిర్ణయించి, రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అనుమతి లేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు. "ఇది రంగు మార్చడం కాదు బాబూ, బండి ఎముక మార్చడం. రేపు రోడ్డు మీద ఏదైనా జరిగితే బీమావాళ్ళు మొదట బండి కిందే చూస్తారు" అన్నాడు వకీలుగారు. లారీ హారను మళ్ళీ చెవిలో మోగింది.

మరి విలన్ సంగతి?

అక్కడితో ముగిస్తే ఇది నీతికథ అయిపోయేది. కానీ విలన్ అలాగే ఉన్నాడు కదా! నా బండికి కొత్త జాయింటు వేయించాక మామ తనే వస్తానన్నాడు. గనిలో బండి ఆపగానే, "దిగు" అన్నాడు.

"ఎందుకు?"

"రాయిని కళ్ళతోని ఎక్కు, తర్వాత చక్రంతోని ఎక్కు."

పది నిమిషాలు నడిపించాడు. ఏ రాయి కదులుతుంది, ఏది కదలదు, చక్రం ఎక్కడ పెట్టాలి, బొజ్జ ఎక్కడ తగులుతుంది. తర్వాత టైర్లలో గాలి ముప్ఫై నుంచి పద్దెనిమిదికి దించాడు. టైరు మెత్తబడి రాతిని అరచేతిలా పట్టుకుంది. (రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి నింపాలి సుమా! పంపు లేకుండా గాలి తీసేవాణ్ణి మామ మనిషిగా లెక్కపెట్టడు.) స్టీరింగు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు, చక్రం గాలిలో ఉన్నప్పుడు తొక్కవద్దన్నాడు. జాయింటు విరిగేది అప్పుడే.

ఇంకో మాట చెప్పాడు. నా కష్టం సగం ఇరుసుది కాదు, డిఫరెన్షియల్‌ది. మామూలు డిఫరెన్షియల్ ఎవడికి పని తక్కువో వాడికే శక్తి పంపిస్తుంది. గాలిలో తిరిగే చక్రానికి పనేముంటుంది? శక్తంతా దానికే పోతుంది. ఉమ్మడి ఇరుసు వేసినా ఒక చక్రం గాలిలోకి లేచిందంటే కథ అదే. దాన్ని తాళం వేసి రెండు చక్రాలూ ఒకటిగా తిరిగేలా చేసే లాకరు ఉంటే, నేల మీద ఉన్న చక్రం బండిని తోస్తుంది. నా బండి మోడల్లోనే కంపెనీ వేసి ఇచ్చే వెనక లాకరు ఉంది. అది పెట్టించాను. మంచి టైర్లు వేయించాను. చిట్టీ డబ్బులో సగం కూడా కాలేదు.

గనిలో నేను ఎక్కలేని చోట్లు పది ఉండేవి. ఇప్పుడు తొమ్మిది ఎక్కుతున్నాను. పదోది? విలన్! నిజం చెప్పాలి కదా. ఇప్పటికీ ఎక్కలేదు. మూడు ఆదివారాలు ప్రయత్నించాను. ఒక చక్రం గాలిలోకి లేస్తుంది, బండి ఒరుగుతుంది, నేను వెనక్కి దింపుతాను. స్నేహితుడి బండి మాత్రం ఇప్పటికీ పిల్లిలా ఎక్కేస్తుంది. కడుపులో కొంచెం మంట... అబద్ధం ఎందుకు, కొంచెం కాదు, చాలానే ఉంది.

అయితే తీర్పు ఏమిటంటారా? ఇదిగో నా తీర్పు. మీ బండి రాళ్ళ కోసమే అయితే, రోడ్డు మీద కాకుండా ట్రక్కు మీద వేసుకుని పోయేదైతే, ప్రైవేటు జాగాలోనే ఆడేదైతే, స్టీరింగు లెక్కలు కాగితం మీద వేసి చేసే పనివాడు దొరికితే, ఉమ్మడి ఇరుసు మూడు లక్షలకీ విలువైనదే. రాళ్ళ మీద దాన్ని మించింది లేదు. కానీ అదే బండిలో ఆఫీసుకి పోవాలి, అమ్మని ఆస్పత్రికి తీసుకుపోవాలి అంటే మాత్రం వద్దు. ఉమ్మడి కాపురమే కావాలనుకుంటే పుట్టుకతో ఉమ్మడిగా ఉన్నదాన్నే తెచ్చుకోండి. పాత జీపు ఉంది, పాత జిప్సీ ఉంది, 2023లో వచ్చిన జిమ్నీ ఉంది. దాని స్ప్రింగులు, స్టీరింగు, బ్రేకులు అన్నీ ఆ ఇరుసుని చూసుకునే కొలిచారు. వేరు కాపురం పెట్టినవాళ్ళని బలవంతంగా ఒకే ఇంట్లో పెడితే ఏమవుతుందో సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత మనం చూడలేదూ!

స్నేహితుడి సంగతి కూడా చెప్పాలి. మామ చెప్పినవన్నీ సరి చేయించేదాకా బండి రోడ్డెక్కించలేదు. అరిగిన బోల్టు రంధ్రం నింపించాడు, వాలు సరిచేయించాడు. ఇప్పుడు ఊగడం లేదు. గనికి మాత్రం లారీ మీద వేసుకునే వస్తున్నాడు. అతన్ని అడిగితే, "ఆ రోజు బండిలో మీ అమ్మ ఉంది. రేపు మా అమ్మ ఉంటుంది" అన్నాడు.

మిగిలిన చిట్టీ డబ్బు? మామ జీపుకి కింగ్ పిన్నులు మార్పించాను. కమాను కట్టల్లో విరిగిన పట్టీలు తీసి కొత్తవి వేయించాను. మామ వద్దన్నాడు. "నా తర్వాత ఎవడు తోలుతడ్రా దీన్ని?" అన్నాడు. "నేను" అన్నాను. మామ అటు తిరిగి, లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

పోయిన ఆదివారం ముగ్గురం కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా పోయాం. టాపు విప్పేశాం. మామ స్టీరింగు దగ్గర, అమ్మ పక్కన, నేను వెనక బల్ల మీద. ప్రతి గుంతకీ నా తల ఎగురుతోంది. ఉమ్మడి కాపురం అంటే ఏమిటో నడుముకి తెలిసివస్తోంది. వేగం నలభై. పక్కన రైలు లేదు గానీ నీళ్ళ మీద నుంచి గాలి వస్తోంది. అమ్మ కొంగు తలకి చుట్టుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"ఒరేయ్, ఆ పాటల జీపు తోలింది ఎవడ్రా? రాజేష్ ఖన్నా కాదు గదా?"

"కాదక్కా. సుజిత్ కుమార్" అన్నాడు మామ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పాటంతా ఆయనే తోలిండు. ఎవ్వడు సూడలే."

"నువ్వు చూసినవు కదా" అంది అమ్మ.

మామ ఏమీ అనలేదు. గేరు మార్చాడు. అంత మెత్తగా గేరు మార్చడం నాకింకా రాలేదు.